చెరకు సీమలో ఒక లెక్క: కంపెనీ వాటాకు విలువ కట్టుట

నిజామాబాదు ప్రాంతమున ఒక రైతు కాలువక్రింది పొలమును కొనదలచినాడనుకొందము. అమ్మువాడు ఎకరమునకు 20 లక్షల రూపాయలు అడుగుచున్నాడు. కొనువానివెంట వచ్చిన పెద్దమనిషి ధరను విని ఊరకుండడు. “ఈ పొలమునకు ఏటా కౌలెంత వచ్చును?” అని అడుగును. కౌలు 40 వేలని తెలిసినచో, ఆయన మనస్సులోనే భాగించి, “అనగా ఏబది ఏండ్ల కౌలును మనము నేడే చెల్లించుచున్నామన్నమాట” అనును. పిదప రెండవ ప్రశ్న వేయును: “ఈ 40 వేలు ప్రతి సంవత్సరము వచ్చునా? లేక చెరువు నిండిన ఏటి మాటయా?”

ఈ రెండు ప్రశ్నలలో మన నేటి విషయమంతయు ఇమిడియున్నది. మొదటి ప్రశ్నను కంపెనీ వాటాకు అన్వయించిన యెడల దానిని ధర-ఆర్జన నిష్పత్తి అందురు. వాటాల బజారులో దీనికి పి.ఇ. అని వాడుక పేరు. దినపత్రికల వ్యాపారపుటలలోను, చేతిఫోనులలోను ఈ అంకె ప్రతిదినము కనిపించును. “పి.ఇ. ఆరే ఉన్నది, చౌక, నలుబది ఉన్నది, ప్రియము” అని చెప్పువారు పెక్కుమంది. రెండవ ప్రశ్నను అడుగువారు తక్కువ. ఆ ప్రశ్నను అడుగనిచో మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు మనలను తప్పుదారి పట్టించును. ఈ సంగతిని గ్రహించుటకు బోధను చెరకు సీమకంటె మంచి పాఠశాల లేదు.

వాటా అనగానేమి?

ఒక కంపెనీ మూలధనమును సమానమైన చిన్న భాగములుగా విభజింతురు. ఒక్కొక్క భాగము ఒక వాటా. కోటి వాటాలున్న కంపెనీలో నూరు వాటాలు కొన్నవాడు ఆ కంపెనీలో లక్షవ వంతునకు సొంతదారుడు. కంపెనీ తన లాభములో కొంత పంచిపెట్టినపుడు ఆ భాగము అతనికి వచ్చును. దీనిని డివిడెండు అందురు. పంచక మిగిల్చిన లాభము కంపెనీలోనే ఉండి, క్రొత్త యంత్రములకో, అప్పు తీర్చుటకో వినియోగపడును. అదియు వాటాదారునిదే.

ప్రతి వాటాకు 10 రూపాయలనియో, 2 రూపాయలనియో ముఖవిలువ ఒకటి ఉండును. ఇది లెక్కలకొరకు ఏర్పరచుకొన్న అంకె మాత్రమే. బజారులో వాటా ధర దీనితో సంబంధము లేకుండ మారుచుండును. పూర్వము మన ప్రాంతమువారు 1943లో స్థాపింపబడిన హైదరాబాదు స్టాకు ఎక్స్ఛేంజి ద్వారా వాటాలు కొని అమ్మెడివారు. 2007లో దాని గుర్తింపు రద్దయినది. ఇపుడు వ్యాపారమంతయు బొంబాయి స్టాకు ఎక్స్ఛేంజిలోను, నేషనల్ స్టాకు ఎక్స్ఛేంజిలోను కంప్యూటర్లమీద సాగుచున్నది. కాగితపు వాటాపత్రముల స్థానమున డీమ్యాట్ ఖాతాలు వచ్చినవి.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. చెరకు రైతులలో పలువురకు “వాటా” అనగానే సహకార కర్మాగారపు వాటా గుర్తునకు వచ్చును. నిజామాబాదు సమీపమున సారంగపూరులో అట్టి సహకార చక్కెర కర్మాగారము ఉండెడిది, తరువాత మూతపడినది. సహకార సంస్థలో సభ్యునకు ఎన్ని వాటాలున్నను ఓటు ఒక్కటే. ఆ వాటా బజారులో అమ్ముడుపోదు. కనుక దానికి బజారుధర లేదు, ధర-ఆర్జన నిష్పత్తియు లేదు. ఈ నిష్పత్తి స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీల వాటాలకే పనికివచ్చును. పూర్వపు నిజామాబాదు జిల్లానుండి 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో, అడ్లూరు ఎల్లారెడ్డి, మాగి గ్రామములయందు కర్మాగారములు గల గాయత్రీ షుగర్స్ అట్టి నమోదైన కంపెనీ.

నిష్పత్తి కట్టు విధము

కంపెనీ ఏడాదిలో సంపాదించిన మొత్తమునుండి ముడిసరకు ఖర్చు, జీతములు, అప్పుపై వడ్డీ, యంత్రముల తరుగుదల, పన్ను అన్నియు తీసివేయగా మిగిలినది నికరలాభము. దీనిని వాటాల సంఖ్యచే భాగించినచో ఒక్కొక్క వాటాకు వచ్చు ఆర్జన తెలియును. బజారుధరను ఆ ఆర్జనచే భాగించినచో మన నిష్పత్తి వచ్చును.

నికరలాభము 12 కోట్లు, వాటాలు 1 కోటి అయినచో వాటా ఒక్కింటికి ఆర్జన 12 రూపాయలు. బజారులో వాటా ధర 96 రూపాయలైనచో నిష్పత్తి 96ను 12చే భాగింపగా వచ్చిన 8. అనగా ఒక రూపాయి వార్షిక లాభమునకు బజారు 8 రూపాయలు ఇచ్చుచున్నది. లాభము మారకుండ ఉన్నయెడల ఎనిమిదేండ్లలో పెట్టుబడికి సమానమగు లాభము కూడును.

దీనిని తలక్రిందులు చేసి చూచుట కూడ మంచిది. 12ను 96చే భాగించినచో నూటికి పన్నెండున్నర. దీనిని ఆర్జన శాతము అనవచ్చును. బ్యాంకు డిపాజిటు వడ్డీతో పోల్చుటకు ఇది వీలైనది. నిష్పత్తి 8 అయినచో ఆర్జన 12.5 శాతము; 20 అయినచో 5 శాతము; 40 అయినచో 2.5 శాతము. అయితే బ్యాంకు వడ్డీకి మాట ఉన్నది. ఆర్జనకు మాట లేదు. ఈ తేడాను మరువరాదు.

ఏ ఆర్జనను తీసికొనవలెను? వాడుకలో గడచిన నాలుగు త్రైమాసికముల ఆర్జనను కలిపి తీసికొందురు. కొందరు రాబోవు ఏటికి అంచనా వేసిన ఆర్జనను వాడుదురు. అది అంచనాయేగాని సంపాదన కాదు. ఒక త్రైమాసికపు లాభమును నాలుగింతలు చేసి ఏటి లాభమనుకొనుట ఏ కంపెనీ విషయమునను మంచిది కాదు. చక్కెర కంపెనీ విషయమున అది పెద్ద పొరపాటు. ఏలయన మన ప్రాంతమున చెరకు గానుగాట చలికాలమున మొదలై ఎండాకాలపు ఆరంభమునకు ముగియును. మిగిలిన నెలలలో యంత్రములకు మరమ్మతులే జరుగును. జీతములు, వడ్డీ మాత్రము ఆగవు.

ఒకదానికి 5, మరియొకదానికి 20 ఎందుకు?

పొలము కొను పెద్దమనిషి ఏబది ఏండ్ల కౌలు ఇచ్చుటకు ఎందుకు ఒప్పుకొనును? ముందుముందు కౌలు పెరుగునని ఆశ. వాటాల విషయమును అట్టిదే. పెరుగుదల నిష్పత్తిని ఎంత మార్చునో ఉన్నత పాఠశాల గణితముతోనే చూపవచ్చును.

ఒక వాటాకు రాబోవు ఏట 10 రూపాయల ఆర్జన వచ్చునని, అందులో సగము, అనగా 5 రూపాయలు, డివిడెండుగా పంచుదురని అనుకొందము. ఆ డివిడెండు ఏటా 7 శాతము చొప్పున పెరుగును. కొనువాడు తన సొమ్ముపై ఏటా 12 శాతము రాబడి కోరుచున్నాడు. ఏడాది తరువాత వచ్చు 5 రూపాయలకు నేటి విలువ 5ను 1.12చే భాగింపగా వచ్చునది. తరువాతి ఏటి డివిడెండు నేటి విలువ దీనికి 1.07/1.12 రెట్లు. ఆ పై ఏటిది మరల అన్ని రెట్లు. ఇది గుణశ్రేఢి; సామాన్య నిష్పత్తి 1కంటె తక్కువ కనుక అనంతపదముల మొత్తమునకు పరిమితి కలదు. మొదటి పదమును 1నుండి సామాన్య నిష్పత్తిని తీసివేయగా వచ్చిన దానిచే భాగింపవలెను. భాగించినచో 1.12 కొట్టివేయబడి, చివరకు 5ను 0.05చే భాగించుట మిగులును. జవాబు 100 రూపాయలు. ఆర్జన 10 కనుక నిష్పత్తి 10.

సూత్రము సులభమైనది: డివిడెండును, కోరిన రాబడి శాతమునుండి పెరుగుదల శాతమును తీసివేయగా మిగిలిన దానిచే భాగింపవలెను. ఇపుడు పెరుగుదల 2 శాతమే అనుకొనుడు. 5ను 0.10చే భాగింపగా 50, నిష్పత్తి 5. పెరుగుదల 9.5 శాతమైనచో 5ను 0.025చే భాగింపగా 200, నిష్పత్తి 20. ఆర్జన, డివిడెండు మూడు సందర్భములలోను ఒక్కటే. పెరుగుదలపై నమ్మకము మాత్రమే మారినది, ధర నాలుగింతలైనది. ఇక పెరుగుదల 7 శాతముగనే ఉండి, దేశములో వడ్డీరేట్లు పెరిగి, కొనువాడు 12కు బదులు 14 శాతము కోరినచో 5ను 0.07చే భాగింపగా సుమారు 71. నిష్పత్తి 10నుండి 7కు దిగినది. కంపెనీలో ఏ మార్పును లేకున్నను వాటా ధర పడుటకు ఇది ఒక కారణము.

కనుక తక్కువ నిష్పత్తి యెల్ల చౌక కాదు, ఎక్కువ నిష్పత్తి యెల్ల ప్రియము కాదు. 5 నిష్పత్తిగల వాటా తన మందగతికి తగిన ధరలోనే ఉండవచ్చును. ఒకే రకపు వ్యాపారము చేయు కంపెనీలను ఒకదానితో నొకటి పోల్చుటయే న్యాయము; చక్కెర కంపెనీని మందుల కంపెనీతో పోల్చుట పొలమును దుకాణముతో పోల్చినట్లుండును.

బోధను నేలలో చెరకు, చక్కెర

ఇంతవరకు ఆర్జన ఒక క్రమమున నడచుచున్నదని అనుకొన్నాము. ఇక పెద్దమనిషి రెండవ ప్రశ్నకు వత్తము: ఈ ఆర్జన ప్రతి సంవత్సరము వచ్చునా?

మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణము 1923లో మొదలై 1931లో పూర్తియైనది. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూర్ ఈ పనికి ప్రధాన ఇంజనీరు. సుమారు 2 లక్షల 75 వేల ఎకరములకు నీరిచ్చుటకు ఉద్దేశింపబడిన ఈ జలాశయపు కాలువలక్రింద చెరకు సాగు విస్తరించినది. ఆ చెరకును ఆధారము చేసికొని 1937లో బోధనువద్ద నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. దాని చుట్టును ఏర్పడిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు. ఒకప్పుడు ఆసియాఖండములోనే పెద్దదని ఆ కర్మాగారము ప్రసిద్ధి చెందినది.

చెరకు వరివంటి పంట కాదు. నాటిన తోట నరుకుటకు ఇంచుమించు ఏడాది పట్టును. నరికిన పిమ్మట మొదళ్ళనుండి మరల చిగిర్చిన తోటను ఇంకొకటి రెండు ఏండ్లు పెంతురు. దీనిని కార్శి తోట అందురు. కనుక రైతు నేటి ధర చూచి చేసిన నిర్ణయము ఫలితమునిచ్చుటకు ఏడాది, దానినుండి మరలుటకు ఇంకను రెండేండ్లు పట్టును. చక్కెర ధర బాగున్న ఏట కర్మాగారములు చెరకు డబ్బు వెంటనే ఇచ్చును. రైతులందరు చెరకు నాటుదురు. ఏడాది గడచునప్పటికి దేశమంతట చక్కెర నిండిపోవును, ధర పడును, కర్మాగారములు రైతులకు బాకీపడును. రైతు విసిగి వరికో, మొక్కజొన్నకో, పసుపునకో మరలును. పిదప చక్కెర కొరతయై ధర ఎగయును. చక్రము మరల మొదలగును.

ఇది ఊహ కాదు. దేశములో చక్కెర ఉత్పత్తి 2002-03లో సుమారు 200 లక్షల టన్నులు. అనావృష్టి తోడై 2004-05 నాటికి సుమారు 127 లక్షల టన్నులకు పడిపోయినది. రెండేండ్లలో, అనగా 2006-07లో, అది సుమారు 283 లక్షల టన్నులకు ఎగసినది. మరి రెండేండ్లలో, 2008-09లో, సుమారు 145 లక్షల టన్నులకు దిగినది. నాలుగేండ్లలో ఒకసారి రెట్టింపు దాటి, ఒకసారి సగమైన పరిశ్రమ ఇది.

ఈ ఊగిసలాట లాభమును ఎంత కుదుపునో లెక్కవేయుదము. ఒక కర్మాగారము సీజనులో 5 లక్షల టన్నుల చెరకును గానుగాడునని, చెరకు బరువులో నూటికి 10 వంతులు చక్కెర వచ్చునని అనుకొనుడు. చక్కెర 50 వేల టన్నులు, అనగా 5 కోట్ల కిలోలు. కిలో చక్కెర ధర ఒక్క రూపాయి తగ్గినచో, పన్నుకు ముందు లాభము 5 కోట్ల రూపాయలు తగ్గును. కోటి వాటాలున్న కంపెనీయైనచో వాటా ఒక్కింటికి 5 రూపాయలు! ఖర్చు మాత్రము తగ్గదు. చెరకు కనీసధరను కేంద్రప్రభుత్వము ముందే నిర్ణయించును. 2025-26 సీజనుకు, 10.25 శాతము రాబడిగల చెరకునకు, అది క్వింటాలుకు 355 రూపాయలు. 1966నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారము చెరకు అందిన 14 దినములలో రైతుకు డబ్బు చెల్లింపవలెను. ఒకవైపు ఖర్చు గట్టిగా నిలిచియుండగా, మరియొకవైపు రాబడి ఊగుచుండును. రెండింటి నడుమ సన్నని పొరవలె ఉన్నది లాభము. అది నలిగిపోవుటయు, ఉబ్బుటయు సహజము.

ప్రభుత్వ నిర్ణయములును ఆర్జనను మార్చును. 2018లో చక్కెరకు కర్మాగారపు కనీస అమ్మకపు ధర కిలోకు 29 రూపాయలుగా ఏర్పరచబడి, 2019లో 31 రూపాయలకు పెంచబడినది. పెట్రోలులో కలుపు ఇథనాల్ తయారీ కర్మాగారములకు క్రొత్త ఆదాయమైనది. కాని 2023 డిసెంబరులో చెరకు రసమునుండి ఇథనాల్ తీయుటపై ఆంక్షలు విధింపబడి, 2024లో సడలింపబడినవి. ఇట్టి ఒక్క ఉత్తర్వుతో ఏటి లాభపు అంచనా తారుమారగును.

ఆరేండ్ల పట్టిక

ఇపుడు ఒక ఊహాకంపెనీని తీసికొందము. కోటి వాటాలున్న చక్కెర కంపెనీ. ఆరేండ్లలో వాటా ఒక్కింటికి దాని ఆర్జన, బజారుధర, నిష్పత్తి ఇట్లున్నవి:

మొదటి ఏడు: ఆర్జన రూ. 12, ధర రూ. 96, నిష్పత్తి 8.
రెండవ ఏడు: ఆర్జన రూ. 20, ధర రూ. 120, నిష్పత్తి 6.
మూడవ ఏడు: ఆర్జన రూ. 4, ధర రూ. 72, నిష్పత్తి 18.
నాలుగవ ఏడు: నష్టము రూ. 6, ధర రూ. 56; నిష్పత్తి లేదు.
ఐదవ ఏడు: ఆర్జన రూ. 5, ధర రూ. 60; నిష్పత్తి 12.
ఆరవ ఏడు: ఆర్జన రూ. 13, ధర రూ. 104; నిష్పత్తి 8.

నిజామాబాదు పట్టణములో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు తన చేతికి వచ్చిన సొమ్ములో కొంత ఈ వాటాలలో పెట్టదలచినాడనుకొందము. “నిష్పత్తి ఎంత తక్కువైన అంత చౌక” అని ఎవరో చెప్పగా విని, 6 కనబడిన రెండవ ఏట 120 రూపాయల చొప్పున కొనును. రెండేండ్లలో ధర 56 అగును. సగముకంటె ఎక్కువ సొమ్ము కనబడదు. మూడవ ఏట నిష్పత్తి 18 చూచి “మిక్కిలి ప్రియము” అని కొనక మానిన మరియొకడు 72 రూపాయల ధరను విడిచినవాడగును. నిష్పత్తి తక్కువగా ఉన్నపుడు వాటా నిజముగా ప్రియము. ఎక్కువగా ఉన్నపుడు చౌక! ఇదేమి వింత?

వింతలేదు. భిన్నములో లవము ధర, హారము ఆర్జన. చక్రపు శిఖరమున ఆర్జన ధరకంటె వేగముగా ఎగయును. హారము పెరిగిన భిన్నము చిన్నదగును. బజారులోని అనుభవజ్ఞులు ఈ 20 రూపాయలు నిలువవని ఎరుగుదురు గనుక ధరను ఆ మేరకు పెంచరు. అట్లే అడుగున హారము చిన్నదై నిష్పత్తి ఉబ్బును. నష్టము వచ్చిన ఏట హారము ఋణసంఖ్య కనుక నిష్పత్తికి అర్థమే లేదు. పత్రికలు ఆ గడిని ఖాళీగా విడుచును. తక్కువ నిష్పత్తి చౌకదనమునకు గుర్తు కాక, మంచికాలము ముగియనున్నదని బజారు చేయు హెచ్చరిక కావచ్చును.

సగటు చెప్పు సత్యము

దీనికి విరుగుడు పెద్దమనిషి రెండవ ప్రశ్నలోనే ఉన్నది. ఒక ఏటి కౌలును కాక, మంచి చెడ్డ ఏండ్ల సగటు కౌలును చూడవలెను. మన పట్టికలో ఆరేండ్ల ఆర్జన, నష్టమును తీసివేయగా, మొత్తము 48 రూపాయలు, సగటు 8. ఇపుడు ప్రతి ఏటి ధరను ఈ 8చే భాగింపుడు. వరుసగా 12, 15, 9, 7, 7.5, 13 వచ్చును. బొమ్మ నిటారుగా నిలిచినది: రెండవ ఏడు అన్నింటికంటె ప్రియము, నాలుగవ ఏడు అన్నింటికంటె చౌక.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. అమెరికాలో 1929నాటి వాటాల పతనమును చవిచూచిన బెంజమిన్ గ్రాహం, కొలంబియా విశ్వవిద్యాలయమున బోధించుచు, డేవిడ్ డాడ్‌తో కలిసి 1934లో ప్రచురించిన గ్రంథములో ఒక ఏటి ఆర్జనను నమ్మరాదనియు, ఐదేండ్లకు తక్కువకాని, వీలైనచో ఏడు లేక పది ఏండ్ల సగటును చూడవలెననియు వాదించెను. 1988లో జాన్ కాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్ అను ఆర్థికవేత్తలు ధరల పెరుగుదలను సరిచేసిన పదేండ్ల సగటు ఆర్జనతో మొత్తము అమెరికా బజారునే కొలిచిరి. షిల్లర్‌కు 2013లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

అయితే మనము పట్టికను ఆరేండ్లు గడచిన తరువాత చూచితిమి. రెండవ ఏట నిలుచున్నవానికి తరువాతి నాలుగేండ్లు కనబడవు. అతడు చేయగలిగినది గడచిన చక్రపు సగటును తీసికొనుటయే. కంపెనీ క్రొత్త వాటాలు జారీచేసినచో పాత ఏండ్ల ఆర్జనను క్రొత్త సంఖ్యకు సరిచేయవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, గడచిన చక్రము మరల వచ్చునా అని విచారింపవలెను. కాలువకు నీరు తగ్గినను, రైతులు చెరకును శాశ్వతముగా విడిచినను పాత సగటు పాత కథయే.

ఆర్జనయే లేనపుడు

ఈ చివరి మాటను బోధను చరిత్రయే నేర్పినది. నిజాం చక్కెర కర్మాగారము తరువాతి కాలమున ప్రభుత్వరంగములో నిజాం షుగర్స్ లిమిటెడ్‌గా నడచి, పలుచోట్లకు విస్తరించి, నష్టములలో పడినది. 2002లో ప్రైవేటు భాగస్వామికి 51 శాతము అప్పగింపబడి, బోధను, ముత్యంపేట, మెదకు కర్మాగారములతో నిజాం దక్కన్ షుగర్స్ అను ఉమ్మడి సంస్థ ఏర్పడినది. 2015 డిసెంబరులో మూడు కర్మాగారములును లే-ఆఫ్ ప్రకటనతో ఆగిపోయినవి.

నష్టములలో ఉన్న అట్టి సంస్థకు విలువ కట్టుట ఎట్లు? ధర-ఆర్జన నిష్పత్తి అచట నోరు మెదపదు. భూములు, యంత్రములు, భవనములు, నిల్వసరకు అన్నింటికి విలువ కట్టి, అందుండి అప్పులను తీసివేయు పద్ధతిని ఆశ్రయింపవలెను. ఇందులో చిక్కులు వేరు. పాత యంత్రము నడచుచున్నంతవరకు యంత్రము, ఆగినచో ఇనుము. భూమి పుస్తకములో కొన్ననాటి ధరకే ఉండును. బజారులో నేటి ధర వేరు. 2002నాటి అప్పగింతలో విలువ తక్కువ కట్టబడినదను విమర్శ లేచి, శాసనసభా సంఘము విచారణ జరుపుటకు ఇట్టి చిక్కులే మూలము. ఆర్జనను చూచువాడు “ఇది ఏమి సంపాదించును?” అని అడుగును, ఆస్తిని చూచువాడు “ఇది ఏమి అమ్ముడుపోవును?” అని అడుగును. రెండు జవాబులు కలియకపోవుట తరచు జరుగును.

మూడవ ప్రశ్నయు ఒకటి కలదు. కర్మాగారము ఆగినపుడు వాటాదారుడొక్కడే నష్టపడడు. చెరకు తోట నరుకుటకు సిద్ధముగా ఉన్న రైతు దానిని దూరపు కర్మాగారమునకు తోలవలెను. పనివాడు జీతము పోగొట్టుకొనును. శక్కర్‌నగర్ దుకాణదారుని బేరము పడిపోవును. ఈ నష్టములు ఏ నిష్పత్తిలోను కనబడవు. వాటా విలువ వేరు, కర్మాగారము ఊరికి గల విలువ వేరు. మొదటిదానిని లెక్కించు సాధనముతో రెండవదానిని కొలువరాదు.

మరికొన్ని జాగ్రత్తలు

అప్పును చూడవలెను. ఒకే నిష్పత్తిగల రెండు కంపెనీలలో ఒకదానికి అప్పు లేక, రెండవదానికి మిక్కుటముగా ఉన్నచో రెండును సమానము కావు. చెడ్డకాలమున ఆర్జన తగ్గును, వడ్డీ తగ్గదు. చక్కెర కర్మాగారములు చలికాలపు చక్కెరను ఏడాది పొడవున అమ్మవలసియుండుటచే, నిల్వలను తాకట్టుపెట్టి బ్యాంకు అప్పు తెచ్చుట సాధారణము. కనుక ఇది వానికి మరింత వర్తించును.

ఒకసారి వచ్చు ఆదాయమును తీసివేయవలెను. కంపెనీ తన స్థలమునొకటి అమ్మి లాభము పొందినచో ఆ ఏటి ఆర్జన ఉబ్బి నిష్పత్తి చిన్నదగును. ఆ స్థలమును మరుసటి ఏట మరల అమ్మజాలరు గదా!

ఏ లెక్కనుండి ఆర్జనను తీసికొన్నారో తెలిసికొనవలెను. నేషనల్ స్టాకు ఎక్స్ఛేంజివారి నిఫ్టీ సూచికి 2021 మార్చి వరకు కంపెనీల విడి లెక్కలనుండి నిష్పత్తి కట్టుచుండిరి. అటుపిమ్మట అనుబంధ సంస్థలను కలుపుకొన్న ఉమ్మడి లెక్కలు తీసికొనిరి. ఒక్క దినములో సూచి నిష్పత్తి సుమారు 40నుండి 33కు దిగినది. ధరలు అంతగా పడలేదు. హారము మారినది, అంతే.

తరగతిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు ఈ విషయమును సగటు, నిష్పత్తి, గుణశ్రేఢి పాఠములతో జోడింపవచ్చును. డబ్బు పెట్టవలసిన పని లేదు. స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదైన ప్రతి కంపెనీ తన వార్షిక నివేదికను అందరికి అందుబాటులో ఉంచవలెను. విద్యార్థులు ఏదేని చక్కెర కంపెనీయొక్క పదేండ్ల నికరలాభమును, వాటాల సంఖ్యను సేకరించి, ఏటేటి ఆర్జనను గ్రాఫుకాగితముపై గీయవలెను. ప్రక్కనే దేశపు చక్కెర ఉత్పత్తిని గీయవలెను. ఎగుడుదిగుడులు ఎంత వెనుకముందులుగా నడచునో చూడవలెను. పిదప ఏటి ఆర్జనతో ఒక నిష్పత్తిని, పదేండ్ల సగటుతో మరియొకదానిని కట్టి పోల్చవలెను. చెరకు పండించు ఇంటి పిల్లలు తండ్రిని, తాతను అడిగి ఏ ఏట తోట పెంచిరో, ఏ ఏట మానిరో వ్రాసికొనివచ్చినచో, ఆ గ్రాఫులోని ప్రతి మలుపునకు వారి ఇంటిలోనే కారణము దొరకును.

లెక్క కట్టుట నిమిషము పని. భాగించుటకు ముందు హారములోని అంకె ఎచటినుండి వచ్చినదో అడుగుటయే విద్య. పొలము గట్టుమీద నిలిచి, “ఇది చెరువు నిండిన ఏటి మాటయా?” అని అడిగిన పెద్దమనిషికి పి.ఇ. అను పేరు తెలియకపోవచ్చును. ఆ శాస్త్రములో ముఖ్యమైనది మాత్రము తెలియును.